సుంకాలు ఎత్తేసిన దొర

నేపర్‌విల్, మార్చి 1983

ప్రభువునందు ప్రియమైన కృపావరానికి ఆంటీ వందనాలు.

అర్బానా యూనివర్సిటీలో పీహెచ్‌డీకి ఎవరో హాలెండు దొరగారి జీవిత చరిత్ర రాస్తున్నావట. మా తెలుగు చర్చి స్త్రీల సమాజానికి వచ్చి ఆయన సాక్ష్యం చెప్పాలి. ఏ జిల్లాలో సేవ చేశారు? ఎంతమందిని ప్రభువు దగ్గరికి నడిపించారు?

మీ వసంతకుమారి ఆంటీ

తా.క. మా అమ్మాయి జ్యోతి ముందు వరసలోనే కూర్చుంటుంది. దానికి సంబంధాలు చూస్తున్నాం.

అర్బానా

ఆంటీగారికి వందనాలు.

వాన్ హోల్టెన్ గారు మిషనరీ కాదండీ. నూరేళ్ల కిందటి ఎకనామిక్స్ ప్రొఫెసర్. తర్వాత ఆర్థిక మంత్రి అయ్యి, విదేశీ సరుకుల మీద సుంకాలు ఎత్తేశారు. ఇండియా మొహమే చూడలేదు. మీవాళ్లకి బోరు కొడుతుంది.

విధేయుడు, కృపావరం

తా.క. అయినా వస్తాను. ముందు వరస కోసం కాదు.

నేపర్‌విల్

బాబూ కృపావరం,

సుంకాలు వదిలేశారా? మన బైబిల్లో మత్తయి కూడా సుంకాలు వసూలు చేసే మెట్టు దగ్గరే అన్నీ వదిలేసి ప్రభువు వెంట వెళ్లలేదూ. నువ్వు మరీ మొహమాటపడుతున్నావు. ‘మత్తయి బాటలో హాలెండు దొర’ అని కాగితాలు జిరాక్స్ చేయించేశాం. పులిహోర కూడా చెప్పేశాను.

ప్రార్థనలతో, ఆంటీ

తా.క. ఏ వాక్యం ఆయన్ని మార్చిందో మర్చిపోకుండా చెప్పు.

అర్బానా

ఆంటీగారూ,

ఆయన ఎవరి వెంటా వెళ్లలేదండీ. ఆయన నమ్మింది ఒకటే: గోడలు కట్టి మన సరుకే కొనమనకూడదు, బయటి సరుకునీ రానివ్వాలి, ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవాలి. చర్చిలో అబద్ధం ఆడలేను, ఉన్నదే చెప్తాను.

కృపావరం

తా.క. ప్రసంగం అయ్యాక జ్యోతి గురించి అంకుల్‌తో మాట్లాడాలనుంది. నాకు నిద్ర పట్టడం లేదు. మీరు ముందే ఒక మాట వేసి ఉంచండి.

నేపర్‌విల్, ఏప్రిల్

బాబూ,

ప్రసంగం బాగుంది. మత్తయి ఊసు ఎవరూ అడగలేదు. కానీ ‘మ్యారేజ్‌కి కూడా సేమ్ రూలా?’ అని జ్యోతి లేచి అడిగితే, నువ్వు మురిసిపోయి ‘తప్పకుండా’ అన్నావు చూడు, అక్కడే కొంప మునిగింది. నువ్వు మా ఆయనతో నోరు విప్పేలోపే అది పక్కూరు షామ్‌బర్గ్ నుంచి గోపాల్ అనే హిందువుల అబ్బాయిని భోజనానికి తెచ్చి కూర్చోబెట్టింది. మా ఆయన కస్సుమంటే, ‘చర్చ్‌లోనే చెప్పారు కదా డాడీ’ అంది. ఆయన లేచి క్యాలెండరు అందుకున్నారు. జూన్‌లో పెళ్లి. నాకు మటుకు నువ్వే నచ్చావు బాబూ.

మీ ఆంటీ

తా.క. రిసెప్షన్‌లో నువ్వే మాట్లాడాలని గోపాల్ పట్టుపడుతున్నాడు. అంతా ఆ దొర చలవేనట.

అర్బానా

ఆంటీగారికి,

వస్తాను. అన్నం సయించడం లేదు, మీ దగ్గర దాచడమెందుకు. నచ్చింది ఎంచుకోమని చెప్పిన వాణ్ని నేనే. గోపాల్‌ని అడిగానని చెప్పండి.

కృపావరం

తా.క. థీసిస్ చివరి చాప్టర్ తిరగరాస్తున్నాను. మన సరుకు నిలవాలంటే బయటి సరుకుకి కాస్త సుంకం అడ్డం ఉండాల్సిందే.