ఇంజన్ ఒకటి నుంచి ఆరు

3 సెప్టెంబర్ 2025, బుధవారం

వండినవి మూడు. ఉతికినవి పదకొండు, అందులో దుప్పట్లు రెండు. ఇస్త్రీ తొమ్మిది. చింతపండు గింజలు తీసి డబ్బాకెత్తాను. హాస్పిటల్ బ్యాగ్‌లో తువ్వాళ్ళు నాలుగు, రాసి తుడిపే బోర్డు ఒకటి, మార్కర్లు రెండు పెట్టాను.

పన్నెండో తారీఖున మా ఆయనకు ఆపరేషన్. గొంతులో స్వరపేటిక మొత్తం తీసేస్తారు. క్యాన్సర్ అక్కడికే ఆగిందట. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదని డాక్టర్ గారు చెప్పారు. ఆయన అడిగింది ఒక్కటే, బండి నడపొచ్చా అని.

ముప్పై ఏళ్ళుగా ఆటోనగర్‌లో జీపు స్పేర్ పార్టుల కౌంటర్ ఆయనది. ఇప్పుడు పాత జీపుల పోలికతో కొత్తవి వస్తున్నాయి కదా, రోజంతా వాటి వీడియోలే. మా అమ్మాయి వినీల పాడేరులో పశువుల డాక్టర్. కొండదారులకు అలాంటిదొకటి కొంటానంటోంది. ఏది కొనాలో నాన్నే చెప్పాలట.

6 సెప్టెంబర్, శనివారం

మెకానిక్ పాల్ గారు చూడటానికి వచ్చి పోట్లాడి వెళ్ళారు. కొత్త పెట్రోల్ టర్బో తొక్కితే లేడిపిల్లలా దూకుతుంది అన్నయ్యా, నువ్వింకా పొగ కక్కే డీజిల్ బండ్ల కాలంలోనే ఉన్నావు అన్నారు. ఈయన గొంతు గరగరలాడుతున్నా ఊరుకోలేదు. బురదలో దూకేదెందుకురా, పాకేది కావాలి గానీ అన్నారు. పాల్ గారు నావైపు తిరిగి, వదినా, ఆపరేషన్ ఈయనకి కాదు, వినలేక నా చెవులకి చేయించాలి అన్నారు. ముగ్గురం నవ్వాం. గేటు దగ్గర పాల్ గారు కళ్ళు తుడుచుకున్నారు.

9 సెప్టెంబర్, మంగళవారం

అమ్మాయి కోసం నాలుగు మంచి మాటలు ఫోన్‌లో చెప్పి పెట్టండి, ఒక కీర్తనైనా చదివి పెట్టండి అని మళ్ళీ అడిగాను. చూద్దాంలే మార్తా అన్నారు. సాయంత్రం ఫోన్ పట్టుకుని డాబా మీదికి పోయారు. వీడియోలతో వాదించుకుంటున్న గొంతు మెట్ల దాకా వినబడుతూనే ఉంది. ఉన్న నాలుగు రోజుల మాటా వాటికే ఖర్చు పెడుతున్నారని కోపం వచ్చింది.

12 సెప్టెంబర్, శుక్రవారం, ఉదయం 11.40

8.50కి లోపలికి తీసుకెళ్ళారు. తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుని, బయట ఊరికే కూర్చోలేవుగా, ఏదో ఒకటి సర్దుకో అన్నారు. నేను విన్న ఆఖరి మాట అదే.

ఆయన ఫోన్ నా దగ్గరే ఉంది. రిపోర్టులు వాట్సాప్‌లో పంపామని కౌంటర్‌లో అంటారు, స్టోరేజ్ నిండిపోయి ఒక్కటీ తెరుచుకోదు. పెద్ద ఫైళ్ళు వెతికాను. ఇంజన్ 1, ఇంజన్ 2, అలా ఆరు దాకా ఉన్నాయి. ఆ జీపుల రివ్యూలే. ఆరూ తీసేశాను. బిన్ కూడా ఖాళీ చేశాను. రిపోర్టులు వచ్చాయి.

27 సెప్టెంబర్, శనివారం

ఇంటికొచ్చాం. మెడ కింద రంధ్రం, దాంట్లోంచే ఊపిరి. దానికి తడి గుడ్డ ఎలా కట్టాలో నర్సు నేర్పింది.

మధ్యాహ్నం సైగతో ఫోన్ అడిగి తీసుకున్నారు. చాలాసేపు వెతికారు. బోర్డు మీద, ఇంజన్ 1 నుంచి 6? అని రాశారు. ఆ వీడియోలా, ఆ రోజే తీసేశాను కదండీ, మళ్ళీ దొరుకుతాయిలెండి అన్నాను.

తుడిచి రాశారు. నా గొంతు. వినీలకి.

28 సెప్టెంబర్, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

29 సెప్టెంబర్, సోమవారం

గవర్నర్‌పేటలో ఫోన్ షాపు శాలిని ఆ ఫైళ్ళ కోసం గంటసేపు చూసింది. బిన్ కూడా ఊడ్చేశారేంటి ఆంటీ, ఇంత శుభ్రంగా ఎవరుంటారు అంది. తర్వాత నా ముఖం చూసి ఫోన్ చేతికిచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

ఆపరేషన్‌కి ముందే ఎందుకు పంపలేదని ఆయన్ని అడిగాను. ఏడోది కూడా చెప్పి అన్నీ కలిపి పంపుదామనుకున్నా, గొంతు సహకరించలేదు అని రాసి గోడవైపు తిరిగి పడుకున్నారు. వినీలకు ఫోన్‌లో నేనే చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. పోనీలే అమ్మా అంది. ఏడ్చినా బాగుండేది.

30 సెప్టెంబర్, మంగళవారం, మధ్యాహ్నం 3

అన్నం దగ్గర ముప్పై ఏళ్ళుగా విన్నవి ఎక్కడికి పోతాయి. డాబా మీద చెప్పినవి కూడా మెట్ల దగ్గర బట్టలు మడతపెడుతూ విన్నవే, వీడియోలతో వాదన అనుకున్నాను. ఆయన అన్నది అన్నట్టుగా రాస్తున్నాను.

ఒకటి. కొండకి డీజిలే తల్లీ. నడిచే మనిషంత నెమ్మదిగా పోతున్నా లాగుతుంది. పెట్రోల్ టర్బో మంచిదే, హైవే మీద. బాగా నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు ఆలోచించి, తర్వాత ఒక్కసారే ఎగబడుతుంది.

రెండు. చిన్న పెట్రోల్ జీపుని చిన్నచూపు చూడకు. తేలికది. బరువు బండ్లు దిగబడేచోట దాటిపోతుంది. గట్టిగా తొక్కాలి, అంతే.

మూడు. గుండ్రటి లైట్లు చూసి మురిసిపోకు. పాత దాంట్లో అద్దం పగిలితే అద్దం మారుస్తాం. ఇప్పుడు మొత్తం సెట్టు. ముఖం తాతది, పేగులు సెల్‌ఫోన్‌వి.

నాలుగు. బోల్టులా కనిపించేది విప్పితే రావాలి. ప్లాస్టిక్ బోల్టు అతికించినవాణ్ణి నమ్మొద్దు.

ఐదు. బానెట్ బల్లపరుపుగా ఉండటం అందానికి కాదు. కూర్చున్నచోటినుంచి రెండు మూలలూ కనబడాలి. లోయ ఎటుందో అప్పుడే తెలుస్తుంది.

ఆరోది రావడం లేదు. ఆ సాయంత్రం కుక్కర్ విజిల్ వేస్తోంది, నేను కిందికి వెళ్ళిపోయాను.

4 అక్టోబర్, శనివారం

మంచం పక్కన కూర్చుని పైకి చదివాను. రెండోది చదువుతుండగా ఇటు తిరిగారు. నాలుగోది అయ్యాక పెన్సిల్ అడిగి దిద్దారు. ఎగబడుతుంది కాదు, మీద పడుతుంది. పేగులు కాదు, కడుపు. మొత్తం ఏడు తప్పులు. పక్కన, పాల్‌కి చూపించకు, ఎగతాళి చేస్తాడు అని రాశారు.

ఆరోది మీరే రాయండి అన్నాను. అరపేజీ రాశారు.

ఎక్కలేక సగంలో ఆగిపోతే సిగ్గుపడకు. బండి తిప్పబోకు, పక్కకి దొర్లుతుంది. క్లచ్ ముట్టుకోకు. రివర్స్ గేర్‌లోనే తిన్నగా దిగు. ఇంజనే నిన్ను పట్టుకుంటుంది.

చదివి కాసేపు వంటింట్లోకి వెళ్ళాను.

9 అక్టోబర్, గురువారం

ఆరూ నా గొంతుతో చదివి, రికార్డు చేసి ఈరోజు పంపాను. ఆరోదాని చివర పక్కనే ఉన్న ఆయన ఊపిరి పడింది, గాలి చప్పుడులా. తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. మిగతావి తర్వాత వింటానమ్మా, ఆ చివరి ముక్కే తిప్పి తిప్పి వింటున్నాను అంది వినీల.

వాళ్ళ నాన్న నుంచి వినీలకు రావలసినవి ఆరు. ముట్టినవి ఆరు. నా బాకీ చెల్లు.