బానెట్ మీద చెయ్యి

నాచారం

బాపూ, ఫోన్‌లో నీకు వినబడదని కార్డు రాస్తున్నాను. మేం మంచిగున్నాం, ఫికర్ పెట్టుకోకు.

నా సెకండ్‌హ్యాండ్ వ్యాన్‌లో బ్యాటరీ ఎగిరెగిరి పడుతుంటే, నువ్వు జీపుకు చేసినట్టే పాత టైరు ముక్క కోసి కింద పరిచాను. పాడైన కూలర్ స్టాండు పట్టీతో బిగించాను. ఉప్పల్ మెకానిక్ ఉపేందరన్న చూసి, "గీ పని నీకెవరు నేర్పిన్రు సెల్లె?" అన్నాడు. "మా బాపు" అన్నాను.

అటక మీది జీపు హారన్ పాత సామానోళ్లకు వెయ్యొద్దు, నాకు కావాలి. కంట్లో చుక్కల మందు వేసుకుంటున్నావా? అమ్మకు దండాలు.

చెవులు పోయినప్పటి నుంచి నువ్వు బండ్ల దిక్కే చూడటం లేదట, అమ్మ చెప్పింది. ఇంజన్‌లో ఇంకా ఏదో వణుకు ఉంది బాపూ. ఉపేందరన్న చెవి పెట్టి విన్నా దొరకలేదు. ఆదివారం తీసుకొస్తాను. ఎప్పటిలాగే బానెట్ మీద చెయ్యి పెట్టి నువ్వే చెప్పాలి.

నీ బిడ్డ
త్రివేణి