ముడులు లేని తీగలు

జూన్ 9, సోమవారం

హాజరు పట్టీలో దీనికి గడి లేదు. అందుకే ఈ నోటుబుక్కు.

మల్లేశ్‌కు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. అది తెలిసే అతని వైరింగ్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. పొద్దున సౌదీ, దమ్మాం నుంచి సత్తయ్య ఫోన్. అతనూ నా దగ్గర నేర్చుకున్నవాడే, ఇద్దరిదీ ఒకే కంపెనీ. "టీచరమ్మా, ఇగ మల్లన్న హెల్పర్ గాదు. కరెంటు ప్యానెల్ల తీగలు కలిపే పనికి ఎక్కిచ్చిండ్రు." సంతోషంగా చెప్పాడు. నేను కూర్చుండిపోయాను.

జూన్ 10

అక్షరం రాని పెద్దవాళ్ల కోసం మా వైరింగ్ సెంటర్లో ఈ పద్ధతి నేనే పెట్టాను. తీగ చివర దారం ముడి: ఒకటి ఫేజ్, రెండు న్యూట్రల్, మూడు ఎర్త్. వేళ్లతో చదువుకుంటారు. బీడీలు చుట్టిన వేళ్లు ఇంకా త్వరగా నేర్చుకుంటాయి. పెద్దపల్లిలో మిగతా వైరింగ్ టీచర్లు మొదట నవ్వారు, తర్వాత చూడటానికి వచ్చారు. ఆ గర్వం నాకు ఉండేది.

ముడులున్న బోర్డు మల్లేశ్ అందరికంటే ముందు కట్టాడు. ముడులు విప్పి ఇస్తే — ఎర్త్ చోట ఫేజ్. మూడుసార్లు. పనిలో అలా కలిపితే మిషన్ ఒళ్లంతా కరెంటు. ముట్టుకున్నవాడు పోతాడు.

"ఏ రంగురా ఇది?"

"మిరపకాయ పండిందో లేదో గూడ నాకు మా లక్ష్మే చెప్తది, టీచరమ్మా."

ఇద్దరం నవ్వాం. వీసా వచ్చింది, పైపులు వంచే పనే, తీగ ముట్టనన్నాడు. సంతకం చేశాను. ముడులున్నాయి కదా అనుకున్నాను. అక్కడ ముడులు ఎవరు కట్టి ఇస్తారని ఆలోచించలేదు... ఇక్కడ కట్టింది నేను.

జూన్ 11

మల్లేశ్ ఫోన్ ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను.

జూన్ 12

ఎత్తాడు. "ఫికర్ జేయకుండ్రి. పక్కన కేరళ మలబారాయన ఉన్నడు. రంగు ఆయన్ని అడిగి పెడుతున్న."

ఆయన రాని రోజు ఏం చేస్తావన్నాను.

"ఊరికి పోతుండు. శనివారం సంది నేనొక్కన్నే."

ఫోర్‌మన్‌కు నువ్వే చెప్పు, లేకపోతే నేను చెప్తాను అన్నాను. "చెప్తే ఇంటికి తోల్తరు, టీచరమ్మా." ఫోన్ పెట్టేశాడు.

జూన్ 13, శుక్రవారం

మల్లేశ్ భార్య లక్ష్మి వచ్చింది, రాత్రి అతను ఫోన్లో అంతా చెప్పాడట. మంచినీళ్లు ముట్టలేదు.

"సంతకం బెట్టింది మీరు. ఇప్పుడు కొలువు తీసేటిది గూడ మీరేనా?"

ప్రాణం పోతుంది లక్ష్మీ అన్నాను. అతనిదో, ఇంకొకరిదో.

"ఈడ పని లేక గోడ దిక్కు మొకం బెట్టి పండేటోడు. ఇప్పుడు ఫోన్ల నవ్వుతుండు. గా నవ్వు మీరు సూడలే."

చూడలేదు. నిజమే.

స్వాతి అంతా విన్నది. నా మనవరాలు, నాతోపాటు పాఠం చెబుతుంది. "అమ్మమ్మా, నువ్వు చెప్తే మన సర్టిఫికెట్లన్నీ దొంగవంటరు. సెంటర్ మూసుకోవాలె. బ్యాచ్‌ల పద్దెనిమిది మంది ఉన్నరు, జర ఆలోచించు."

ఆలోచించాను. ఒక సర్టిఫికెట్ దొంగదే. అది రాసింది నేను.

ఇక జరగవలసినవి:

1. ఈ రోజు శుక్రవారం, అక్కడ వాళ్లకు సెలవు. మల్లేశ్ ఫోన్ ఎత్తాలి. తనే ఫోర్‌మన్‌తో చెప్పి మళ్లీ హెల్పర్ పని అడగాలి.

2. పద్దెనిమిది మంది చేతా ఈ మధ్యాహ్నమే ముడులు విప్పిన బోర్డు కట్టించాలి, రంగు తెలియనివాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో తేలాలి. స్వాతి చేయనంటే నేనే.

3. సాయంత్రం ఆరులోపు "చెప్పిండు" అని సత్తయ్య నుంచి కబురు రాకపోతే, ముందు లక్ష్మి ఇంటికి పోవాలి. నేను చేయబోయేది నా నోటి నుంచే వినాలి. తలుపు తీయకపోతే బయట నిలబడి చెప్పాలి.

4. తర్వాత ఫోర్‌మన్‌కు ఫోన్. సంతకం నాదేనని, తెలిసే పెట్టానని మొదటి మాటలోనే చెప్పాలి. మల్లేశ్‌కు రంగు తెలియదన్నది రెండో మాట.