సబ్బుపెట్టె అక్కకి, బోల్టులు బావకి

పద్మనాభం దగ్గర పుట్టి, గాజువాకలో అద్దెకుంటూ, ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ కొక్కేనికి బరువులు కట్టే కాంట్రాక్టు పని చేసే పైల సాయిశంకర్ అనే నేను, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, తాగకుండా, తెలివితో, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. ఎవరి బలవంతమూ లేదని కూడా రాయాలట. రాతలో లేదు, ప్రయాణంలో ఉంది. రేపు పొద్దున్న ఆరింటికి మా బావ సింహాద్రి తన పెద్ద పడవలో భీమిలి వెళ్తున్నాడు. "బావకి ఈత రాదురా, నువ్వు తోడెల్లు" అని మా అమ్మ రామలక్ష్మమ్మ నా చేత ఒట్టు వేయించింది. ఆ పడవ మునుగుతుంది. అందుకని రాస్తున్నాను.

1. నా ఆస్తి ఒక్కటే. ఫిషింగ్ హార్బర్‌లో చివరి జెట్టీకి కట్టి ఉన్న ఇరవై ఆరడుగుల పాత తెరచాప పడవ. ప్రపంచం చుట్టేద్దామని బయల్దేరి ఇక్కడికొచ్చేసరికి విసుగెత్తిన ఒక విదేశీయుడు నాకు అమ్మేసి విమానం ఎక్కాడు. పక్కనున్న నలభై అడుగులది కూడా పాతదే, బావది. నాకు పెళ్లి కాలేదు. నేను పోతే నా పడవ అమ్మకొస్తుంది. అల్లుడు అడిగితే అమ్మ కాదనదు. బావ దాన్ని విప్పి తన పడవకి స్పేర్ పార్టులు చేసుకుంటాడు. ఈ మాట నా మొహం మీదే అన్నాడు. అది జరగకూడదు.

2. రెండు పడవలకీ తేడా ఏమిటో రేపు పెద్దమనుషులు కూర్చుంటే తెలియాలి కాబట్టి రాస్తున్నాను. నా దాంట్లో లేచి నిలబడితే తల తగులుతుంది. స్టవ్ ఒక్కటే. కానీ తెరచాప ఒక్క మనిషి ఎత్తగలడు, చుక్కాని ఒక్క చెయ్యి మాట వింటుంది. బావదాంట్లో ఆరు మంచాలు, రెండు బాత్రూములు, బస్సుకున్నంత స్టీరింగు. రెండో బాత్రూములో ఉల్లిపాయలు పోశారు. తెరచాప ఎత్తడానికి నలుగురు కావాలి, ఆ నలుగురూ ఇంకా దొరకలేదు. పడవ ఒరిగిపోకుండా అడుగున ఉండే ఇనుప బరువుని పట్టి ఉంచే బోల్టులు తుప్పు పట్టి పొరలు రాలుతున్నాయి. ఫ్యాక్టరీలో అలాంటి బోల్టుకి నేను టీ ఫ్లాస్కు కూడా తగిలించను. ఆ సంగతి చెబితే, "ఏటి శంకరం, ఆ సబ్బుపెట్టిలో కూకొని నాకు సెప్తన్నావా?" అన్నాడు. బావ కొనేముందు చూసింది వంటగది ఫోటో ఒక్కటే.

3. నిరుడు మాఘంలో బావ ఆ పడవకి గృహప్రవేశం చేశాడు. ముప్ఫై ఒక్క మంది చుట్టాలు. పాలు తూర్పుకి పొంగితే మంచిదని అందరినీ తూర్పు పక్కకి జరగమన్నాడు. జరిగారు. పడవ కూడా జరిగింది. పాలు కాగకముందే తూర్పుకి పోయాయి, గిన్నెతో సహా బావగారి అమ్మ మంగాయమ్మ గారు కూడా పోయారు. ఆవిడని నేను ఇనుము ఎత్తే బెల్టు వేసి పైకి లాగాను. ఈలోగా గేదెని కట్టినట్టు బావ కట్టిన తాళ్లన్నీ ఊడాయి. ముప్ఫై ఒక్క మందీ మంత్రాలతో సహా ఓడలు వచ్చే దారిలోకి కొట్టుకుపోతున్నారు. అప్పుడు మా అక్క జ్యోతిర్మయి, పట్టుచీర దోపుకుని, నా పడవలో ఒక్కతే తెరచాప ఎత్తుకుని వచ్చింది. "ఒకేపు నిలబడిపోకండర్రా! తాడట్టుకోండి!" అని అరిచి, తాడు విసిరి, అందరినీ లాక్కొచ్చింది. ఒడ్డెక్కాక బావ చుట్టాలతో అన్న మాట: "మాయావిడ అడ్డమొచ్చీసింది గానీ, నేకపోతే నానే తెచ్చీవోడిని." ఈ మాట నేను చచ్చినా మర్చిపోను. ఇప్పుడు ఆ చావు కూడా దగ్గర్లోనే ఉంది.

4. నా పడవ, తెరచాపలు, తాళ్లు, స్టవ్ సమస్తం మా అక్క జ్యోతిర్మయికి. బావకి కాదు, బావ ద్వారా కాదు, బావని అడిగి కాదు. ఫోన్లో వీడియోలు చూసి నేను నేర్చుకున్నాను. నన్ను చూసి అక్క నేర్చుకుంది, నాకంటే బాగా. రెండేళ్లుగా ప్రతి ఆదివారం చేపలకని వచ్చి, గాలి చూసుకుని నా పడవ నడిపి వెళ్తోంది. బావ చేపలు తింటాడు. ఇంత ఆలస్యమేమిటని ఒక్కసారీ అడగలేదు.

5. మంగాయమ్మ గారికి కొత్త పాలగిన్నె. పాతది సముద్రంలో ఉంది.

6. ఆ బోల్టుల మీంచి రాలిన తుప్పు పొట్లం కట్టి ఉంచాను. అది బావకి.

7. నాకున్న ఒకే ఒక్క లైఫ్ జాకెట్టు కూడా బావకే. ఇది నేను పోయాక కాదు, రేపు పొద్దున్నే. రంగు బాగాలేదన్నాడు. తొడుక్కోకపోతే బెల్టు వేసి కడతాను. అక్కకి మొగుడు కావాలి.

8. చివరి సంగతి. వాస్తు ప్రకారం వంటగది ఆగ్నేయంలో ఉండాలని బావ ఇన్నాళ్లూ పడవని నాలుగు పక్కలా తాళ్లతో బిగించాడు. భీమిలికి పోయేటప్పుడు వంటగది ఆగ్నేయంలోనే ఉంటుంది, ఇబ్బంది లేదు. వెనక్కి తిరిగితే వాయవ్యంలోకి పోతుంది. అందుకని భీమిలి నుంచి హార్బర్ దాకా ఇంజన్ని రివర్స్ గేర్‌లో పెట్టి వస్తాడట. మునిగేది అక్కడే అని నా లెక్క.

ఈ వీలునామా అమలు చేసే బాధ్యత అక్కది. నేను చచ్చేదాకా ఆగనక్కర్లేదు. రేపు ఆదివారమే కాబట్టి చేపలకని చెప్పి బయల్దేరి, బావకి కనబడనంత దూరంలో మా వెనకాలే రావాలి. పొడుగు తాడు తెచ్చుకోవాలి. అక్కా, నన్ను తర్వాత లాగు. ముందు బావని.

ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం
8 ఫిబ్రవరి 2025, శనివారం
(సంతకం) పైల సాయిశంకర్

సాక్షులు:
నూకాలు, జెట్టీ మీద ఐసు అమ్మే ఆవిడ. మొత్తం చదివించుకుని విని వేలిముద్ర వేసింది.
సింహాద్రి, మా బావ. చదవకుండా సంతకం పెట్టాడు. పడవ కూడా ఇలాగే కొన్నాడు.