పైపొర మాత్రమే విరిచాను

సెడర్‌బర్గ్ కొండలు,
సోమవారం

మరెల్డా తల్లీ,

గురువారం నువ్వొచ్చి పెట్టె తెరిచి లబోదిబోమనకముందే నేనే చెబుతున్నాను. నా వంటింటి అలమరలో ఆ పెట్టెలో నువ్వు దాచిన నల్లగడ్డను విరిచాను.

"పిన్నీ, ఇది కొండ సందుల్లో బతికే బండకుందేళ్ళ ఉచ్చ, తరతరాలుగా ఒకేచోట పోసి గడ్డకట్టింది. పదివేల ఏళ్ళ వానల ఆనవాళ్ళూ, పూల పుప్పొడీ, మన పెద్దల పొయ్యిల మసీ ఇందులో పొరలుపొరలుగా ఉన్నాయి. ముట్టుకోకు," అన్నావు. ముట్టుకోలేదు, నిన్న మధ్యాహ్నం దాకా.

నిన్న పక్కింటి ఫైకీకి కాన్పయింది. బిడ్డ పుట్టినా మాయ పడలేదు, నెత్తురు ఆగలేదు. ఏరు పొంగి వంతెన మునిగింది. అంబులెన్సు అవతలే ఆగిపోయింది. ఇవతల ఉన్నది ఊరి మంత్రసాని ఒక్కతే. ఇలాంటప్పుడు మా అమ్మ ఈ గడ్డనే వేడినీళ్ళలో కరిగించి పట్టేది. కొండ మీంచి తెద్దామంటే అక్కడిదంతా పరిశోధనకని నువ్వూ నీతో పనిచేసేవాళ్ళే కోసుకెళ్ళారాయె.

ఫైకీ తల్లి గ్రీట్ నా మీద విరుచుకుపడింది. "నా కూతురు పోయాక ఆ పెట్టెను గోరీ మీద పెడతావా?" అంది. విరిచి, వేడినీళ్ళలో కరిగించి ఫైకీకి పట్టాను.

మాయ పడింది. మందు వల్లో, మంత్రసాని చేతి వల్లో నాకు తెలియదు. ఇవాళ పొద్దున ఏటి నీళ్ళు తగ్గాక ఫైకీని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. బతుకుతుందన్నారు.

తిట్టాలనుంటే తిట్టు. కానీ నేను విరిచింది పైపొర మాత్రమే. అది ఈ చివరి డెబ్బై ఏళ్ళదని నువ్వే చూపించావు. నా వయసూ అంతే. ఆ ఏళ్ళలో వాన ఎప్పుడు పడిందో, ఎప్పుడు మొహం చాటేసిందో నన్నడుగు, చెబుతాను. కింది పొరల కాలం చూసినవాళ్ళెవరూ లేరు. అందుకే వాటి జోలికి పోలేదు.

నీ పిన్ని