నడిసంద్రంలో ఆపిన కథ

రంగూను, బోటాటౌంగ్

అక్కయ్యకు సుభద్ర అనేక నమస్కారాలు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావగారి దగ్గెలా ఉంది? నేను బాగున్నాను, నిజంగానే బాగున్నాను. వానకి చీరలు ఆరవు, అంతే. ఇక్కడివాళ్ళూ గోంగూర తింటారు, వెదురు మొలకలు వేసి. మొదట మొహం చిట్లించాను. ఇప్పుడు పక్కింటి బర్మా ఆవిడని అడిగి మరీ పెట్టించుకుంటున్నాను.

వచ్చే స్టీమరుకి వచ్చెయ్యమన్నావు. నేనూ దాదాపు అలాగే అనుకున్నాను. రేవు కూలీల ఆడవాళ్ళకి నేను చెప్పే ఆదివారం పాఠానికి ముగ్గురో నలుగురో వచ్చేవారు. ఇలాగైతే తరగతి ఎత్తేస్తామన్నారు దాన్ని నడిపే కమిటీ పెద్ద. బి.ఏ. చదివి నేను ఇక్కడ వెలగబెట్టిందేమిటని రోజూ అనుమానమే.

అందుకని మొన్న ఆదివారం కొలంబసు కథ ఎత్తుకున్నాను. ఎన్నాళ్ళకీ నేల కనబడదు, నావికులు తిరగబడ్డారు. సరిగ్గా అక్కడ ఆపి, "మిగతాది పై వారం" అన్నాను. ఆత్రంతో మళ్ళీ వస్తారని నా ఎత్తు. కష్టం మధ్యలో పురాణం ఆపకూడదని అమ్మమ్మ అనేది చూడు, అది నాకు తట్టనే లేదు.

మర్నాడు పొద్దున్న కాఫీ కాచుకుంటున్నాను. మెట్ల నిండా ఆడవాళ్ళు! ముందు నూకాలు. దాని భర్త ఓడ మీద కళాసి.

"ఏటి పంతులమ్మగారూ, ఓడని నడిసంద్రంలో వొగ్గేసి తొంగున్నారేటి? మా మావ సంద్రం మీదున్నాడు, నాకు కునుకు లేదు. ముందు దాన్ని ఒడ్డెక్కించండి!"

ఓడల మీద మొగుళ్ళున్న వాళ్ళందరినీ వెంటేసుకొచ్చింది. గరిటె చేత్తోనే మిగతా కథ చెప్పాను. దీవి కనబడిందనగానే ఒకావిడ మెట్టుకేసి కొబ్బరికాయ కొట్టింది! అటుగా వచ్చిన కమిటీ పెద్ద, "ఇదేం పాఠమమ్మా?" అంటూనే ముక్క నోట్లో వేసుకుని, జనాన్ని చూసి, తరగతి ఉండనివ్వమని చెప్పి వెళ్ళారు.

"ఆ దీవిలో మనుసులున్నారా?" అంది నూకాలు.

"ఉన్నారు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చారు."

"మరాళ్ళకేటయ్యింది?"

అబద్ధం నోట రాలేదు. కొలంబసు వాళ్ళలో కొందరిని పట్టి ఓడెక్కించుకుపోయాడన్నాను.

"అలాగైతే ఆ ఓడని నిన్ననే ములిగిపోనివ్వాల్సింది!" అంది వెనకనుంచి ఒకావిడ.

"సంద్రం మీదున్నోళ్ళని అలాగనకే! మా మావా అక్కడే ఉన్నాడు!" అని నూకాలు దాని నోరు మూసింది. అందరూ నవ్వారు. నవ్వాగాక మెల్లిగా అడిగింది, "ఆ పట్టుకుపోయినోళ్ళు ఇంటికెల్లారేటండి?"

నాకు తెలియదు. చదివి చెబుతానన్నాను. ఈసారి కావాలని ఆపలేదే అక్కా, కానీ ఆ మనుషులు ఇంకా నడిసముద్రంలోనే ఉన్నారు. వాళ్ళని అలా వదిలి నేను స్టీమరెక్కడమా? నా కోసం రేవుకి ఎవరినీ పంపకు. బావగారి బడిలో పాత ప్రపంచపటం ఉంటే మాత్రం పంపించు.

నేను చేస్తున్నది సరైనదేనా అంటే, ఏమో. మీ అత్తగారికీ బావగారికీ నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నీ దీవెన నాకూ కావాలి, నూకాలు మావ ఎక్కిన ఓడకీ కావాలి.

నీ చెల్లెలు,
సుభద్ర