దుర్గ మనుషులెవరు?

చిరంజీవి ఓబులేషును అమ్మ మల్లక్క దీవించి రాసేది. ఇక్కడ నేను, నీ కూతురు క్షేమం. బళ్ళారిలో నువ్వూ క్షేమమని తలుస్తాను. నీ భార్య సంగతి కింద రాస్తున్నాను.

ఇలాంటివి ఫోన్లో వద్దని నువ్వే ఉత్తరం రాశావు. మంచిదే అయింది. ఫోన్లో అయితే నేను ఏడుస్తాను, నువ్వు పెట్టేస్తావు.

పాప ఒకటో తరగతిలో చేరింది. అమ్మేదని అడిగితే రాజంపేటలో అవ్వ దగ్గరుందని చెబుతుంది. అలా నేర్పింది నేనే. మగ్గం మీద నేనే కూర్చుంటున్నాను. శేషన్న భార్య మన వాకిలి ముందు నుంచి నడవడం మానేసింది. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఆమెనేమనగలం?

దుర్గను చూసొచ్చావా అని అడిగావు. పద్నాలుగు నెలలకు మొన్న బుధవారం మొదటిసారి వెళ్ళాను. సిగ్గుగా ఉంది. మూడేళ్ళ కిందట కొట్లాట కేసులో నువ్వు ఇరవై రోజులు జైల్లో ఉంటే, ములాఖత్‌లో "ఓబులేష్ మనుషులెవరు?" అని పిలవగానే ఎనిమిదిమందిమి లేచాం. జామీనుకు పోటీ పడ్డారు. విడుదలైన రోజు నీ మేనమామ దేవేంద్రప్ప పూలదండ కూడా వేశాడు.

కడపలో ఆడవాళ్ళ జైలు దగ్గర నలుగురమే ఉన్నాం. "లక్ష్మీదుర్గ మనుషులెవరమ్మా?" అన్నారు. ఆ పిలుపు నాకేనని తోచక కూర్చునే ఉన్నాను. రెండోసారి పిలిచాక లేస్తే జైలు వార్డరమ్మ ఎగాదిగా చూసింది.

"ఆయమ్మికి మనుషులుండారా? ఇన్నాళ్ళు యాడ ఉంటిరి?"

దుర్గకు బెయిలొచ్చి ఏడు నెలలైంది. జామీను పెట్టేవాళ్ళు లేరు. "మగోన్ని సంపిన ఆడదానికి సంతకం పెడితే ఊర్లో తలెత్తుకోగలమా అక్కా?" అని మీ మామ అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నోరెత్తలేదు.

దుర్గ శానా చిక్కిపోయింది. కమ్మీల అవతల నుంచి ముందు అడిగింది ఇదీ: "అత్తా, పాపకు జడ యేస్తాండావా?" తర్వాత, "నీ కొడుకు అడిగినాడనే గదా ఒప్పుకుంటి. ఒక్క తూరి వచ్చి సూడకూడదా?" అంది.

ఇంక దాచలేను నాయనా. శేషన్నను కర్రతో కొట్టి నువ్వు పారిపోయాక, ఆడమనిషైతే కోర్టు కనికరిస్తుందని, మూడు నెలల్లో ఇంటికొస్తుందని మీ మామ అన్నాడు. నేను దుర్గ కాళ్ళు పట్టుకున్నాను. ఇది నీ కోరికేనని చెప్పాను. నీకేమో తనంతట తానే ఒప్పుకుందని చెప్పాను. రెండూ నేను అల్లినవే. దుర్గే కొట్టడం కళ్ళారా చూశానని పోలీసులకూ చెప్పాను.

అక్కడే దానికి నిజం చెప్పేశాను. "అయితే ఆయన అడగలేదా అత్తా?" అని మాత్రం అంది. దాని ముఖం ఒక్కసారిగా తేటపడింది. అది చూసి నాకు దుఃఖం ఆగలేదు. నువ్వు అడగకపోయినా, తెలిసి ఊరుకున్నావు. ఆ తప్పు నీది.

వచ్చే నెల నాలుగున కర్నూలు కోర్టులో నేను సాక్ష్యం చెప్పాలి. కర్ర నీ చేతిలో ఉందనే చెబుతాను. కన్న కొడుకు మీద నోరెలా వస్తుందో తెలియదు, కానీ చెబుతాను. ఆలోపు నువ్వే వచ్చి ఒప్పుకో. నువ్వు లోపలికి పోయినా, నీ మనుషులెవరని పిలిస్తే లేచేవాళ్ళుంటారు. దుర్గ కూడా లేస్తుంది. ఆ రోజు కోర్టులో దాని పేరు పిలిచినప్పుడు నువ్వు లేవాలి.

ఇట్లు,
దుర్గ మనిషి,
నీ అమ్మ మల్లక్క